ఆగితే చవకా?

ఇంగ్లండ్‌లోని స్లౌలో మా తెలుగువాళ్ళ ఉగాది సంబరానికి వెళ్తే, పులిహోర ప్లేటు చేతికి వచ్చేలోపే మూడు విషయాలు చెవిన పడతాయి. పిల్లల గ్రామర్ స్కూలు పరీక్ష, మార్ట్‌గేజ్ వడ్డీ, ఫ్లాట్ లీజు. మూడోది ఎవరు ఎత్తినా చుట్టూ ఉన్న నలుగురూ ఒకే పాట అందుకుంటారు. "తొందరపడకండి. చట్టం మారుతోంది. ఆగితే చవగ్గా అయిపోతుంది." 2022లో నాకూ ఇదే చెప్పారు. "అక్కా, ఇప్పుడు లీజు ఎక్స్‌టెన్షన్ చేయిస్తే డబ్బు బూడిదలో పోసినట్టే" అన్నాడొక కుర్రాడు, ఎంతో ఆప్యాయంగా, ఇంకో గరిటె పులిహోర వడ్డిస్తూ. నేను ఆగాను. ఆ ఆగడానికి నేను కట్టిన మూల్యం దాదాపు 5,800 పౌండ్లు. మన లెక్కలో ఆరు లక్షల రూపాయల పైమాటే.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ సలహా మీదే. ఇంగ్లండ్‌లో లీజు ఫ్లాట్లున్న తెలుగు కుటుంబాల్లో ఇప్పుడది వేదవాక్కులా చలామణీ అవుతోంది. ఎవరికి చెబుతున్నామో, వాళ్ళ లీజులో ఎన్నేళ్ళు మిగిలాయో అడగకుండానే అందరికీ ఒకే మందు పోస్తున్నారు. ఆ మందు కొందరికి పనిచేస్తుంది, నాలాంటి చాలామందికి విషమవుతుంది. ఎలాగో చెబుతాను.

ముందు, ఈ గొడవ ఎరగని ఊళ్ళోవాళ్ళ కోసం రెండు ముక్కలు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాట్ కొంటే రిజిస్ట్రేషన్ కాగితంలో మీ గోడలతో పాటు కింద ఉన్న నేలలో ఇన్ని గజాల అవిభక్త వాటా అని రాస్తారు. భవనం కూలిపోయినా ఆ గజాలు మీవే. ఇంగ్లండ్, వేల్స్‌లో ఫ్లాట్ కొన్నవాడికి సాధారణంగా గజం కూడా రాదు. నేలా, గోడలూ, పైకప్పూ ఫ్రీహోల్డర్ అనే అసలు యజమానివి. కొన్నవాడికి దక్కేది కాలం మాత్రమే. 99 ఏళ్ళో, 125 ఏళ్ళో ఆ ఇంట్లో ఉండే హక్కు. గడువు తీరితే తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోవాలన్నది ఒప్పందం. ఈలోగా ఏటా గ్రౌండ్ రెంట్ కట్టాలి, సర్వీస్ చార్జీ వేరే. ఇలాంటి ఇళ్ళు ఒక్క ఇంగ్లండ్‌లోనే 50 లక్షలకి దగ్గరగా ఉంటాయి. రెండువేల దశకంలో కంపెనీల తరఫున వచ్చి, ఇక్కడే స్థిరపడి, రైల్వే స్టేషన్ దగ్గర కొత్తగా కట్టిన రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొనుక్కున్న మనవాళ్ళు లెక్కలేనంతమంది. నేనూ వాళ్ళలో ఒకదాన్ని.

మా లీజు కాగితం ముప్ఫై పేజీల పైచిలుకు. దాని బరువంతా ఒక్క వాక్యంలో ఉంది: 2005 మార్చి 25 నుంచి 99 ఏళ్ళు. మార్చి 25 ఏమిటా అనుకున్నాను మొదట. ఇక్కడి పాతకాలపు లెక్కల్లో అది అద్దెలు, కౌళ్ళు కట్టే కిస్తీ రోజు, లేడీ డే అంటారు. మన రెవెన్యూవాళ్ళకి జూలై 1న ఫసలీ మొదలైనట్టు. 2010లో మేం కొనేనాటికే అందులో ఐదేళ్ళు కరిగిపోయాయి. సొలిసిటర్ ఆ సంగతి చెప్పాడు కూడా. మా ఆయన నవ్వి, "94 ఏళ్ళు మిగిలాయిటగా, మన మునిమనవళ్ళు చూసుకుంటార్లే" అన్నాడు.

ప్రచారంలో ఉన్న భ్రమల్లో మొదటిది ఇదే. 94 ఏళ్ళు బతకడానికి సరిపోతాయి, అమ్మడానికి సరిపోవు. ఫ్లాట్‌ని 94 ఏళ్ళూ ఎవడూ ఉంచుకోడు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో పిల్లలు ఎదుగుతారు, చిన్న తోట ఉన్న ఇల్లు కావాలంటారు. అప్పుడు కొనడానికి వచ్చినవాడికి అప్పిచ్చే బ్యాంకు చూసేది మీ వంటింటి టైల్స్ కాదు, లీజులో మిగిలిన సంవత్సరాలు. 80కి కిందకి దిగితే కొనేవాడు బేరం మొదలుపెడతాడు. 70కి దిగువకి వస్తే చాలా బ్యాంకులు మొహం తిప్పుకుంటాయి. ఇక డబ్బు చేతిలో పెట్టుకుని తిరిగే కొనుగోలుదారు కోసం ఎదురుచూడాలి, వాడు అడిగే ధరకి తలొగ్గాలి. అమ్మబోతే అడవి అంటారే, అదే ఇది. 2006లో 99 ఏళ్ళ లీజుతో కట్టిన ప్రతి ఫ్లాటూ 2025లో ఆ 80 గీత దాటేసింది. మనవాళ్ళు కొన్న ఫ్లాట్లలో చాలావాటి వయసు సరిగ్గా ఇదే.

ఇంతకీ ఆ 80 గీత ఎవరు గీశారు?

1993లో వచ్చిన చట్టం ఫ్లాటు లీజుదారుకి ఒక హక్కు ఇచ్చింది. ఫ్రీహోల్డర్‌కి ఇష్టమున్నా లేకపోయినా, న్యాయమైన ధర కట్టి లీజుకి మరో 90 ఏళ్ళు కలుపుకోవచ్చు. గ్రౌండ్ రెంట్ అక్కడితో సున్నా. సున్నా అనడానికి ఇక్కడి లాయర్లకి మనసొప్పదు కాబట్టి 'ఏటా ఒక మిరియపు గింజ' అని రాస్తారు. ఆ ధరని ప్రీమియం అంటారు. దాంట్లో మూడు పాళ్ళు.

మొదటిది, ఇకమీదట రాకుండా పోయే గ్రౌండ్ రెంటుకి పరిహారం. మాది ఏడాదికి 100 పౌండ్లు. మొత్తం కలిపి ఇవాళ్టి విలువకి తెస్తే 1,650 దగ్గర తేలుతుంది.

రెండోది, గడువు తీరాక ఫ్లాటు తన చేతికి వచ్చే రోజు ఇంకో 90 ఏళ్ళు వెనక్కి పోతోంది కాబట్టి ఫ్రీహోల్డర్ పోగొట్టుకునేది. ఇది చక్రవడ్డీ లెక్క. మనకి కొట్టినపిండి. ఫ్లాటు ఖరీదు 3 లక్షల పౌండ్లు, మిగిలింది 82 ఏళ్ళు అనుకోండి. ఇవాళ బ్యాంకులో ఎంత వేస్తే ఏటా 5 శాతం చొప్పున 82 ఏళ్ళకి 3 లక్షలవుతుంది? సుమారు 5,500. ఆ 5 శాతాన్ని 2006లో స్పోర్టెల్లి కేసులో ల్యాండ్స్ ట్రిబ్యునల్ ఫ్లాట్లకి ఖాయం చేసింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. తిప్పి చూస్తే ఒక సంగతి కనబడుతుంది. ఫ్లాటు ఖరీదు ఉన్నచోటే ఉన్నా సరే, మీరు ఆగిన ప్రతి ఏడూ ఈ భాగం 5 శాతం చొప్పున పెరుగుతుంది. మీరు నిద్రపోతున్నా అది మేలుకునే ఉంటుంది.

మూడోది మ్యారేజ్ వాల్యూ. పేరు విని పెళ్ళి అనుకుంటే తప్పులేదు, అలాంటిదే. ఫ్రీహోల్డర్ హక్కూ, మీ లీజూ విడివిడిగా ఉంటే ఎంత, లీజు పెరిగాక మొత్తం ఎంత అని చూస్తారు. పెరిగిన తేడాయే పెళ్ళి లాభం. అందులో సగం ఫ్రీహోల్డర్‌కి ఇవ్వాలి. అంటే కట్నం. 2002 చట్టం ఈ కట్నాన్ని సరిగ్గా సగానికి ఖాయం చేస్తూనే ఒక మినహాయింపు పెట్టింది. లీజులో 80 ఏళ్ళకి మించి మిగిలి ఉంటే ఈ భాగం లెక్కలోకే రాదు. 80 ఏళ్ళ ఒక్కరోజు ఉంటే కట్నం లేదు. సరిగ్గా 80కి వచ్చిందో, మొత్తం వచ్చిపడుతుంది.

నా సంగతికి వస్తాను. 2022 మార్చిలో మాకు 82 ఏళ్ళు మిగిలి ఉన్నాయి. అప్పుడు సర్వేయర్ వేసిన అంచనా 7,100 పౌండ్లు. "ఆగండి" అన్నారు, ఆగాం. 2024 మార్చి చివర్లో 80 గీత దాటింది. ఆ శరదృతువులో, 79 ఏళ్ళ ఆరు నెలలు మిగిలి ఉండగా, ఇక ఉండబట్టలేక 1993 చట్టం సెక్షన్ 42 కింద పొడిగింపు నోటీసు ఇచ్చాం. అప్పుడు ధర 12,900. పెరిగిన దాంట్లో చాలావరకూ ఆ కట్నమే. ఇంకా ఆగి ఉంటే? అదే ఫ్లాటు, అదే ఖరీదుతో లెక్కవేసి చూడండి. 70 ఏళ్ళు మిగిలిననాటికి 24,000 దగ్గరికి, 60కి దిగితే 39,000 దగ్గరికి పోతుంది. చిన్న లీజు విలువని ట్రిబ్యునల్ ఎంతగా లెక్కగడుతుందన్న దాన్నిబట్టి ఈ అంకెలు అటూఇటూ కదులుతాయి. దిశ మాత్రం మారదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

ఇప్పుడు అసలు వాదన. ఆగమనేవాళ్ళు ఆధారం లేకుండా మాట్లాడటం లేదు, అది ఒప్పుకుంటాను. 2021 జనవరిలో అప్పటి హౌసింగ్ మంత్రి రాబర్ట్ జెన్రిక్ మ్యారేజ్ వాల్యూ తీసేస్తామన్నారు, 90 ఏళ్ళ బదులు 990 ఏళ్ళు ఇస్తామన్నారు. 2024లో ఆ చట్టం నిజంగానే వచ్చింది. ఎన్నికలు ప్రకటించిన రెండో రోజు, పార్లమెంటు మూతపడే ముందు, హడావిడిలో మే 24న రాజముద్ర పడింది. మా ఉగాది బృందం ఆ రాత్రి వాట్సాప్‌లో పండగ చేసుకుంది. అప్పటికి మా లీజులో 79 ఏళ్ళ పది నెలలు మిగిలాయి. నేనూ ఒక చప్పట్ల బొమ్మ పంపాను, సిగ్గులేకుండా.

ఇల్లు అలకగానే పండగ కాదు. చట్టం పుస్తకంలోకి ఎక్కడం ఒకటి, అమల్లోకి రావడం మరొకటి. ఆ చట్టం వల్ల, ఫ్లాటు కొన్నాక పొడిగింపుకి రెండేళ్ళు ఆగాలన్న పాత నియమం 2025 జనవరి 31న పోయింది. మంచిదే. మ్యారేజ్ వాల్యూ రద్దు, 990 ఏళ్ళు, కొత్త ధర లెక్క, ఈ మూడూ ఇది రాస్తున్న నాటికి అమల్లోకి రాలేదు. అసలు చట్టంలోనే తీవ్రమైన లోపాలున్నాయనీ, వాటిని సరిదిద్దడానికి పార్లమెంటులో మళ్ళీ చట్టం చేయాల్సిందేననీ హౌసింగ్ మంత్రి మాథ్యూ పెన్నీకుక్ 2024 నవంబరులో స్వయంగా ప్రకటించారు. అది చాలదన్నట్టు పెద్ద ఎస్టేట్లూ, గ్రౌండ్ రెంట్ మీద బతికే పెట్టుబడి సంస్థలూ ఆ చట్టం తమ ఆస్తి హక్కుని కాలరాస్తోందని హైకోర్టుకి వెళ్ళాయి. 2025 అక్టోబరు 24న కోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. ఆ రోజు కూడా వాట్సాప్ మోగిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇక ఎవరూ మాట్లాడని అంకె ఒకటుంది. కొత్త లెక్కలో ఆ 5 శాతం రేటుని ట్రిబ్యునల్ బదులు మంత్రి నిర్ణయిస్తారు. ఎంతో ఇంకా చెప్పలేదు. 82 ఏళ్ళు మిగిలిన నా పాత ఉదాహరణే తీసుకోండి. 5 శాతమైతే రెండో భాగం 5,500. రేటు 4 శాతానికి దిగితే అదే భాగం 12,000. 3.5 శాతమైతే 17,900 దగ్గర. మూడు లక్షల ఇంటికి ఒకటిన్నర శాతం రేటు తేడా పన్నెండు వేల పౌండ్లకి పైగా మార్చేస్తుంది. లీజుదారులు ఎక్కువ రేటు కావాలని అడుగుతారు, ఫ్రీహోల్డర్లు తక్కువ రేటు అడుగుతారు. మంత్రి ఎటు మొగ్గుతారో పందెం కాయాలనుకునేవాళ్ళు కాయవచ్చు. దాన్ని పొదుపు అని మాత్రం అనకండి.

ఇంకా వింత ఏమిటంటే, 80కి పైన మిగిలినవాళ్ళు ఆగడం. వాళ్ళకి మ్యారేజ్ వాల్యూ ఎప్పుడూ లేదు. తమ మీద లేని బకాయిని ప్రభుత్వం ఎప్పుడు మాఫీ చేస్తుందా అని ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూపుల్లోనే బకాయి పడే గీత దాటేస్తున్నారు. నేను చేసింది అక్షరాలా ఇదే. అప్పులేని రైతు రుణమాఫీ కోసం అప్పు చేసినట్టు.

"కానీ 990 ఏళ్ళు వస్తాయి కదా" అంటారు. నాకు వచ్చినవి 90 ఏళ్ళే. పాతవాటితో కలిపి 169. గ్రౌండ్ రెంట్ లేదు. 169 ఏళ్ళ లీజుకీ 1,069 ఏళ్ళ లీజుకీ ఇవాళ కొనేవాడు ఇచ్చే ధరలో చెప్పుకోదగ్గ తేడా నాకు కనబడలేదు. తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత ఆ ఫ్లాటు ఉంటుందా, థేమ్స్ ఉంటుందా అన్నది వేరే శాఖవాళ్ళు చూసుకోవాలి.

ఆగడం ఎవరికి లాభమో కూడా చెప్పకపోతే నేనూ ఆ ఉగాది బృందం చేసిన తప్పే చేసినట్టు. ఇప్పటికే 80కి చాలా కిందకి దిగిపోయినవాళ్ళున్నారు. కట్నం బరువు వాళ్ళ మీద పడే ఉంది, అది రద్దయితే నిజంగా గట్టెక్కుతారు. పదేళ్ళకోసారి రెట్టింపయ్యే గ్రౌండ్ రెంట్ మెడకి చుట్టుకున్నవాళ్ళున్నారు. కొత్త చట్టం లెక్కలో గ్రౌండ్ రెంట్‌ని ఫ్లాటు విలువలో 0.1 శాతానికి మించి చూడకూడదు కాబట్టి వాళ్ళకి కలిసివస్తుంది. ఇప్పుడు ఫ్రీహోల్డర్ సొలిసిటర్ ఫీజు, సర్వేయర్ ఫీజు కూడా మనమే భరించాలి, కొత్త చట్టంలో చాలావరకూ ఆ బాధ తప్పుతుంది. అమ్మే ఆలోచన లేదు, మార్ట్‌గేజ్ మార్చుకోవాల్సిన పని లేదు, వయసులో ఉన్నారు. అలాంటివాళ్ళు ఆగవచ్చు, కాగితం మీద లెక్క వేసుకుని. నా పేచీ లెక్క వేయకుండా ఆగేవాళ్ళతోనూ, ఎదుటివాడి లెక్క చూడకుండా ఆపేవాళ్ళతోనూ.

ఇంకో సలహాదారుడున్నాడు. "సెక్షన్ 42 నోటీసులు, సొలిసిటర్లు ఎందుకండీ, ఫ్రీహోల్డర్‌కి ఒక మెయిల్ కొడితే వాళ్ళే ఆఫర్ ఇస్తారు, నెలలో అయిపోతుంది" అంటాడు. ఆఫర్ ఇస్తారు, నిజమే. మా భవనంలోనే పై అంతస్తు కుటుంబానికి వచ్చిన ఉత్తరం చూశాను. అందంగా ఉంది. లీజుని మళ్ళీ 125 ఏళ్ళకి చేస్తాం, ధర ఇంత, నాలుగు వారాల్లో జవాబివ్వండి. రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది అసలు కథ. పాత లీజు గడువు తీరేదాకా గ్రౌండ్ రెంట్ కొనసాగుతుంది. 2022లో వచ్చిన గ్రౌండ్ రెంట్ చట్టం కొత్త లీజుల్లో దాన్ని నిషేధించినా, ఇలా ఇష్టపూర్వకంగా పొడిగించుకునేవాటిలో పాత గడువు మేరకి పాత అద్దె ఉంచుకోనిస్తుంది. చట్టబద్ధమైన దారిలో వెళ్తే అదే అద్దె మొదటిరోజే మిరియపు గింజ అయిపోతుంది. ఆ ఇంటామె నన్ను అడిగింది, "ఏం చేయమంటారండీ?" అని. రెండో పేజీ మీద వేలు పెట్టి చూపించాను. అంతే.

నోటీసు దారికి ఇంకో బలం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. సెక్షన్ 42 నోటీసు ఇచ్చిన రోజు లెక్క గడియారం ఆగిపోతుంది. బేరం ఎన్ని నెలలు సాగినా, ట్రిబ్యునల్‌కి వెళ్ళినా, ధర కట్టేది నోటీసు నాటి సంవత్సరాల మీదే. 80 ఏళ్ళ మీద నెల మిగిలి ఉండగా నోటీసు ఇచ్చినవాడు కట్నం తప్పించుకున్నట్టే. ఫ్లాటు అమ్ముకోవాలన్నా ఆ నోటీసు హక్కుని కొనేవాడికి రాసి ఇవ్వవచ్చు. ఫ్రీహోల్డర్ కౌంటర్ నోటీసు ఇవ్వడానికి మీరు కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి. ఆ గడువు దాటి ఊరుకున్నాడంటే, మీరు నోటీసులో రాసిన ధరకే ఇప్పించమని కోర్టుని అడగవచ్చు. కౌంటర్ నోటీసు వచ్చి బేరం కుదరకపోతే, అది వచ్చిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. ఆ తేదీ జారిపోతే నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క, మళ్ళీ ఇవ్వడానికి ఏడాది ఆగాలి. అందుకే సొలిసిటర్ ఫీజు దండగ కాదు. ఆ తేదీలు కాపలా కాయడానికే కడుతున్నాం.

హైదరాబాద్ తిరిగి వెళ్ళిపోయి, ఇక్కడి ఫ్లాటు అద్దెకిచ్చుకున్నవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. "మేం అక్కడ ఉండటం లేదుగా, మాకు ఆ హక్కు రాదు" అని మీలో చాలామంది అనుకుంటున్నారు. తప్పు. ఆ ఫ్లాట్లో నివసించి ఉండాలన్న షరతు 2002 చట్టంతోనే పోయింది. నోటీసు మీద మీరే స్వయంగా సంతకం పెట్టాలన్న నియమం కూడా 2014లో తీసేశారు, మీ సొలిసిటర్ పెట్టవచ్చు. కొండాపూర్‌లో కూర్చుని చేయించుకోవచ్చు. మీ చిరునామా మాత్రం ఫ్రీహోల్డర్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి. లేకపోతే ఉత్తరాలు ఫ్లాటుకే వెళ్తాయి, అద్దెవాళ్ళు వాటిని పిజ్జా కరపత్రాలతో కలిపి చెత్తబుట్టలో వేస్తారు. గ్రౌండ్ రెంట్ బకాయి 350 పౌండ్లు దాటినా, మూడేళ్ళు పేరుకున్నా లీజు రద్దుకి కదిలే హక్కు ఫ్రీహోల్డర్‌కి ఇక్కడి చట్టం ఇంకా ఉంచింది.

ఇక చివరి రకం వాదన, పెద్దమనుషులది. "తెలిసి సంతకం పెట్టారు. ఒప్పందం ఒప్పందమే. ఇప్పుడు చట్టం అడ్డుపెట్టుకుని ఎదుటివాడి ఆస్తి లాక్కోవడమేమిటి?" ఈ మాట మనవాళ్ళ నోటివెంట కూడా విన్నాను. ఆస్తి అంటే మనకి భయభక్తులెక్కువ కదా. ఆ ఆస్తులు ఎలా వచ్చాయో ఒకసారి చూడండి. 1677లో సర్ థామస్ గ్రోవెనర్ పన్నెండేళ్ళ మేరీ డేవిస్‌ని పెళ్ళాడాడు. ఆ పిల్లతో పాటు లండన్ పడమటి అంచున సుమారు 500 ఎకరాల బురదా, పచ్చికా వచ్చాయి. ఆ బురదే ఇవాళ్టి మేఫెయిర్, బెల్‌గ్రేవియా. అసలైన మ్యారేజ్ వాల్యూ అంటే అదీ. మూడు వందల ఏళ్ళుగా ఆ నేల మీద కట్టిన ఇళ్ళకి ఆ కుటుంబం కాలాన్ని అద్దెకిస్తూ వస్తోంది. 1967లో ఇళ్ళ లీజుదారులకి నేల కొనుక్కునే హక్కు ఇస్తే, ఆ వంశపు ట్రస్టీలు యూరపు మానవ హక్కుల కోర్టుదాకా వెళ్ళి 1986లో ఓడిపోయారు. ఫ్లాట్లకి 1993 చట్టం వచ్చినప్పుడు అప్పటి వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ ఆ కోపంతో కన్సర్వేటివ్ పార్టీకే రాజీనామా ఇచ్చాడు. అంటే లీజు పొడిగింపు హక్కు మీకు ఎవరో దయతో పెట్టిన భిక్ష కాదు. మూడు తరాల పోరాటం మీద పార్లమెంటు ఇచ్చింది, కోర్టులు నిలబెట్టాయి. ధర కట్టే తీసుకుంటున్నాం, ఊరికే కాదు.

పక్కనున్న స్కాట్లండ్ 2004 నవంబరులో భూస్వామ్య భూహక్కుల్నే రద్దు చేసింది, 2015లో అతి దీర్ఘకాలపు లీజుల్లో చాలావాటిని సొంత హక్కుగా మార్చేసింది. న్యూ సౌత్ వేల్స్ 1961లోనే ఫ్లాటుకి ఫ్లాటుగా యాజమాన్యం ఇచ్చే చట్టం చేసింది. ఇంగ్లండ్‌లో కూడా అలాంటి కామన్‌హోల్డ్ పద్ధతి 2004 నుంచి అమల్లో ఉంది, దాన్ని ఎంచుకున్న భవనాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ఇరవై ఏళ్ళు దాటినా అంతే. ఇంగ్లండ్‌లో నేల చట్టం ఎంత వేగంగా మారుతుందో ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఈ దేశం మీద నమ్మకంతోనే ఇక్కడ ఉంటున్నాను. ఆ నమ్మకం మీద ఎనభయ్యో ఏటిని మాత్రం పందెం కాయను.

మా కొత్త లీజు గత వసంతంలో ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదైంది. గడువు 2194 మార్చి 24. అద్దె: అడిగితే ఒక మిరియపు గింజ. మా ఆయన వంటింట్లో పోపుడబ్బా తెరిచి, ఒక మిరియం తీసి, ఆ కాగితం మీద పెట్టి ఫోటో తీశాడు. ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టాం. పులిహోర వడ్డించిన కుర్రాడు వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, మాది ఎంతుందో చూడాలి" అన్నాడు. చూశాడు. 2007 జూన్ నుంచి 99 ఏళ్ళు. ఇప్పుడు ఆగాలో కదలాలో అతను సర్వేయర్‌తో లెక్క వేయించుకుంటున్నాడు.

వచ్చే ఉగాదికి మీ ఊళ్ళో ఎవరైనా లీజు సంగతి ఎత్తి, పక్కనెవరో "ఆగండి" అంటే, ఆ అన్నవాళ్ళని ఒక్క మాట అడగండి: వీళ్ళ లీజులో ఎన్నేళ్ళు మిగిలాయో మీకు తెలుసా?